36 రూటర్ల నెట్‌వర్క్ దెబ్బలకు ఎంతవరకు తట్టుకుంటుందో లెక్కగట్టడం ఎలా?

బ్యాక్‌బోన్_బాట (ప్రశ్న)

ఒక నెట్‌వర్క్ ఫెయిల్యూర్లకీ దాడులకీ ఎంతవరకు నిలబడుతుందో రిపోర్టు తయారుచేయాలి. మొత్తం 36 రూటర్లు, 52 లింకులు. కోర్‌లో (నడిమధ్య భాగం) 4 రూటర్లు, నాలుగూ ఒకదానితో ఒకటి నేరుగా కలిసి ఉన్నాయి (6 లింకులు). అగ్రిగేషన్‌లో (యాక్సెస్ ట్రాఫిక్‌ని పోగుచేసే వరస) 8, ఒక్కోటీ రెండు కోర్ రూటర్లకు వెళ్తుంది (16 లింకులు). యాక్సెస్‌లో (వినియోగదారులు కలిసే అంచు) 24. వీటిలో 18కి ఒక్కటే అప్‌లింక్ (పై వరసకి వెళ్లే లింక్), మిగతా 6కి రెండేసి (30 లింకులు). లోపల ఓఎస్‌పీఎఫ్ (చిన్న దారులు వెతికే రూటింగ్ ప్రోటోకాల్), దాని మీద ఐబీజీపీ (నెట్‌వర్కుల మధ్య రూట్లు మార్చుకునే బీజీపీకి లోపలి రూపం), ఆ రూట్లని మిగతా రూటర్లకి అందించే రెండు రూట్ రిఫ్లెక్టర్లు. బయటికి ఇద్దరు ప్రొవైడర్లు, మధ్యలో ఒక ఫైర్‌వాల్ జత.

పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్ లైబ్రరీతో గ్రాఫ్ (రూటర్లు నోడ్లుగా, లింకులు గీతలుగా) కట్టి చూస్తే నోడ్ కనెక్టివిటీ (నెట్‌వర్క్ ముక్కలవ్వడానికి కనీసం ఎన్ని రూటర్లు పోవాలో ఆ సంఖ్య) 1 వస్తోంది. ఆల్జిబ్రాయిక్ కనెక్టివిటీ 1 కన్నా తక్కువ. కోర్ అంతా రెండు దారులతో కట్టినా ఈ అంకెలు చూస్తే మొత్తం బలహీనం అన్నట్టుంది. అడగాలనుకున్నవి ఇవీ: ఏ కొలతలు నమ్మొచ్చు? దానంతటది జరిగే ఫెయిల్యూర్‌ని, కావాలని చేసే దాడిని వేరువేరుగా ఎలా లెక్కించాలి? కాగితం మీద లెక్క అయ్యాక పరికరాల మీద ఏం పరీక్షించాలి?

---

గ్రాఫ్_గీత

నోడ్ కనెక్టివిటీ 1 రావడం తప్పు కాదు, కానీ అది మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒక్క అప్‌లింక్ ఉన్న యాక్సెస్ రూటర్ ఒక్కటున్నా ఆ అంకె 1కే పడిపోతుంది. మిగతా నెట్‌వర్క్ ఎంత గట్టిగా ఉన్నా దానికి పట్టదు. ఆల్జిబ్రాయిక్ కనెక్టివిటీ (లాప్లాసియన్ మాట్రిక్స్ ఐగెన్ విలువల్లో రెండో చిన్నది, ఫీడ్లర్ 1973లో ఇచ్చిన కొలత) పూర్తి గ్రాఫ్ కాని ఏ గ్రాఫ్‌లోనైనా నోడ్ కనెక్టివిటీని దాటదు. అందుకే అదీ 1 లోపే ఉంది.

ముందు ఆ 18 చివరి రూటర్లనీ పక్కకి తీసి, మిగిలిన దాన్ని కొలవండి. 18 రూటర్లు, 34 లింకులు మిగులుతాయి. సగటు డిగ్రీ (ఒక్కో రూటర్‌కి ఉన్న లింకుల సంఖ్య) 3.78, నోడ్ కనెక్టివిటీ 2. అంటే ఏ ఒక్క రూటర్ పోయినా మిగిలినవి కలిసే ఉంటాయి. ఆ 18 సైట్ల సంగతి రిపోర్టులో వేరే భాగంలో రాయండి. అక్కడ ప్రశ్న వేరు: ఒక్కో లింక్ పోతే ఎంతమంది వినియోగదారులు పోతారు, బాగుచేయడానికి ఎంతసేపు పడుతుంది.

తర్వాత ఆర్టిక్యులేషన్ పాయింట్లు, బ్రిడ్జిలు. ఒక్కటి పోతే గ్రాఫ్‌ని ముక్కలు చేసే రూటర్లు, లింకులు ఇవి. వీటిని కనిపెట్టే టార్జన్ పద్ధతి రూటర్లు, లింకుల సంఖ్యకు అనుపాతంగానే సమయం తీసుకుంటుంది కాబట్టి ఎంత పెద్ద నెట్‌వర్క్‌కైనా క్షణాల పని. మీ దాంట్లో బ్రిడ్జిలు 18 రావాలి. అంతకంటే ఎక్కువ వస్తే డ్రాయింగ్‌కీ డేటాకీ తేడా ఉందన్నమాట.

ఇక్కడ నెట్‌వర్క్‌ఎక్స్‌లో రెండు చోట్ల జాగ్రత్త. మామూలు గ్రాఫ్ క్లాస్ ఒకే జత రూటర్ల మధ్య ఉన్న రెండు సమాంతర లింకుల్ని ఒక్కటిగా కలిపేస్తుంది. అప్పుడు బ్రిడ్జి కానిది బ్రిడ్జిగా కనిపిస్తుంది. సమాంతర లింకులుంటే ఒక్కో లింక్ మధ్యలో ఒక ఉత్తుత్తి నోడ్ పెట్టి లెక్కించడం సులువు. రెండోది, బిట్వీన్‌నెస్ (ఎన్ని చిన్న దారులు ఒక రూటర్ గుండా పోతాయో చెప్పే కొలత) తీసేటప్పుడు వెయిట్ ఇవ్వకపోతే ప్రతి లింక్ విలువా 1 అనుకుంటుంది. ఓఎస్‌పీఎఫ్ కాస్ట్‌నే (ఒక్కో లింక్‌కి అది లెక్కేసే ఖర్చు) వెయిట్‌గా ఇవ్వండి. లేకపోతే ట్రాఫిక్ నిజంగా వెళ్లే దారి ఒకటి, మీరు కొలిచే దారి ఇంకొకటి అవుతుంది.

ఫెయిల్యూర్లకీ దాడికీ తేడా లెక్కలో ఇలా వస్తుంది. ఆల్బర్ట్, జియోంగ్, బరబాసి 2000లో చూపించింది ఇదే: కొద్ది నోడ్ల దగ్గరే ఎక్కువ లింకులు పోగుపడిన నెట్‌వర్కులు అక్కడొకటి ఇక్కడొకటి పోతే బాగానే నిలబడతాయి, ఏరి కోరి పెద్ద నోడ్లనే తీసేస్తే త్వరగా ముక్కలవుతాయి. అందుకని రెండు వక్రరేఖలు గీయండి. ఒకటి రూటర్లని యాదృచ్ఛికంగా తీస్తూ, చాలాసార్లు చేసి సగటు వేసినది. రెండోది ముఖ్యమైనవి ముందు తీస్తూ గీసినది. ప్రతి అడుగులో అతిపెద్ద ముక్కలో ఎంత శాతం రూటర్లు మిగిలాయో నిలువు అక్షం మీద పెట్టండి. దాడి రేఖకి ఒక నియమం: ఒక రూటర్‌ని తీశాక మిగిలిన వాటి బిట్వీన్‌నెస్ మళ్లీ లెక్కించి, అప్పుడు తర్వాతదాన్ని ఎంచుకోవాలి. మొదట్లో వేసిన జాబితానే చివరిదాకా వాడితే దాడి చేసేవాడు కళ్లు మూసుకున్నాడని అనుకున్నట్టే, నష్టం తక్కువగా కనిపిస్తుంది.

ఆ దాడి రేఖ కింది వైశాల్యాన్ని ఒకే అంకెగా చెప్పొచ్చు. ష్నైడర్, ఆయన సహచరులు 2011లో ప్రతిపాదించిన కొలత అది. నక్షత్రం ఆకారంలో ఉన్న నెట్‌వర్క్‌కి దాదాపు సున్నా, ప్రతిదీ ప్రతిదానితో కలిసి ఉన్నదానికి 0.5కి చేరువ. రెండు డిజైన్లని పోల్చడానికి పనికొస్తుంది. ఒక నెట్‌వర్క్‌కి మార్కులు వేయడానికి మాత్రం వాడకండి.

మీ సైజుకి యాదృచ్ఛిక నమూనాల అవసరం కూడా తక్కువే. రెండు రూటర్లు కలిసి పోయే సందర్భాలు 630, రెండు లింకులవి 1,326, మూడు లింకులవి 22,100. అన్నిటినీ ఒక్కొక్కటిగా నడిపేయొచ్చు. వేల రూటర్లుంటే మాంటె కార్లో (యాదృచ్ఛిక నమూనాలతో లెక్క) తప్పదు, ఎందుకంటే నెట్‌వర్క్ మొత్తం కలిసి ఉండే సంభావ్యతని కచ్చితంగా లెక్కించడం సాధారణ గ్రాఫ్‌కి చాలా కఠినమైన సమస్య. ఆ పద్ధతిలో అరుదైన ఘటనలే చిక్కు. 0.001 సంభావ్యత ఉన్నదాన్ని 10,000 సార్లు నడిపితే సగటున 10 సార్లే తగులుతుంది, జవాబులో 30 శాతం పైగా ఊగిసలాట ఉంటుంది. దాన్ని 10 శాతానికి తేవాలంటే దాదాపు లక్ష సార్లు నడపాలి.

---

డక్ట్_మ్యాప్

గీత గారు చెప్పిన పద్ధతితో పేచీ లేదు. కానీ ఆ గ్రాఫ్ మూడో లేయర్‌ది (ఐపీ రూటింగ్ స్థాయి). దెబ్బ తగిలేది భూమిలో ఉన్న ఫైబర్‌కీ, కరెంటుకీ, సాఫ్ట్‌వేర్‌కీ. డ్రాయింగ్‌లో రెండు గీతలుగా ఉన్నవి ఒకే డక్ట్‌లో (కేబుళ్లు పోయే గొట్టం) పోతుంటే అవి లెక్కకి ఒక్క లింకే. 2001 జులై 18న బాల్టిమోర్‌లోని హోవార్డ్ స్ట్రీట్ సొరంగంలో సరుకు రైలు పట్టాలు తప్పి మంటలు చెలరేగితే, ఆ సొరంగం గుండా పోతున్న ఎన్నో కంపెనీల ఫైబర్ ఒకేసారి పోయింది. వేరువేరు కంపెనీల దగ్గర లింకులు కొన్నంత మాత్రాన దారులు వేరు కావు.

ఎంత తేడా వస్తుందో అంకెల్లో చూడండి. ఒక్కో దారి 99.9 శాతం అందుబాటులో ఉందనుకుందాం, అంటే ఏడాదికి 8.76 గంటలు డౌన్. రెండూ పూర్తిగా స్వతంత్రమైతే కలిపి 99.9999 శాతం, ఏడాదికి అర నిమిషం. కానీ ఆ ఫెయిల్యూర్లలో 5 శాతం మాత్రమే రెండిటికీ ఉమ్మడి కారణం వల్ల వస్తున్నాయనుకోండి. అందుబాటు 99.995 శాతానికి దిగుతుంది, ఏడాదికి 26 నిమిషాలు. దాదాపు యాభై రెట్లు ఎక్కువ. అంటే మీ జవాబంతా ఆ 5 శాతం మీదే ఆధారపడి ఉంది. రూటర్ తయారీదారు ఇచ్చే ఎంటీబీఎఫ్ (రెండు ఫెయిల్యూర్ల మధ్య సగటు సమయం) అంకె మీద కాదు.

అందుకని ఫెయిల్యూర్ జాబితాలో రూటర్లు, లింకులతో పాటు షేర్డ్ రిస్క్ గ్రూపులు కూడా పెట్టండి. ఒక్కో గ్రూపుకి ఒక పేరు, అది పోతే ఏయే లింకులు, రూటర్లు కలిసి పోతాయో ఆ వరస. మీ దాంట్లో వెతకాల్సినవి:

ఒకే డక్ట్, ఒకే వంతెన, బిల్డింగ్‌లోకి ఒకే ఎంట్రీ. ఇదే అందరూ మొదట చూసేది, ఇదే దొరకడం కష్టం.

ఒకే ట్రాన్స్‌మిషన్ పరికరం. రెండు లింకులూ వేరు రూటర్లకి వెళ్తున్నా మధ్యలో ఒకే డీడబ్ల్యూడీఎం (ఒకే ఫైబర్‌లో చాలా కాంతి తరంగాలు పంపే పరికరం) షెల్ఫ్ మీద ఉంటే అది ఒక గ్రూపు.

కరెంటు. రెండు పవర్ సప్లైలు ఉన్న రూటర్‌కి రెండు తీగలూ ఒకే యూపీఎస్‌కి వెళ్తే రెండో సప్లై పనికిరానట్టే. వేర్వేరు యూపీఎస్‌లు ఉన్నా, మామూలు రోజుల్లో ఒక్కోదాని లోడ్ సగం లోపే ఉండాలి. లేకపోతే ఒకటి పోగానే మొత్తం భారం రెండోదాని మీద పడి అదీ ట్రిప్ అవుతుంది.

ఒకే సాఫ్ట్‌వేర్ వెర్షన్. 4 కోర్ రూటర్లలో ఒకే ఇమేజ్ ఉంటే, ఒక తప్పుడు బీజీపీ మెసేజ్ నాలుగింటినీ ఒకేసారి రీబూట్ చేయగలదు. కాన్ఫిగరేషన్ తోసే ఆటోమేషన్ సర్వర్ కూడా ఇలాంటిదే. గ్రాఫ్‌లో దానికి డిగ్రీ 1, చేయగల నష్టం మాత్రం 36 రూటర్లు.

దారులు నిజంగా వేరా అని తేల్చుకోవడానికి ప్రొవైడర్ దగ్గర రూట్ మ్యాప్ ఫైల్ అడగండి, ఒప్పందంలోనే దాన్ని రాయించుకోండి. ప్రొవైడర్ తర్వాత దారి మార్చితే తెలియజేయాలన్న షరతు కూడా ఉండాలి. చాలా లింకులు కొన్న రోజున వేరుగానే ఉంటాయి, రిపేర్లలో కలిసిపోతాయి. మీ చేతిలో ఉన్న ఆధారాలు రెండు. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే 100 కిలోమీటర్లకి వెళ్లి రావడానికి 1 మిల్లీసెకను. రెండు 'వేరు' దారుల ఆలస్యం దశాంశాల వరకు ఒకేలా ఉంటే అనుమానించాల్సిందే (రుజువు కాదు, పరికరాల ఆలస్యమూ కలుస్తుంది). రెండోది ఇంకా గట్టిది: పాత సిస్‌లాగ్‌లో (రూటర్లు రాసే ఘటనల చిట్టా) లింక్ డౌన్ మెసేజ్‌లని సమయం ప్రకారం పేర్చి, రెండు మూడు సెకన్ల తేడాలో కలిసి పడిన జతల్ని ఏరండి. పదే పదే కలిసి పడే జత ఉంటే దానికి ఉమ్మడి కారణం ఏదో ఉంది. దీనికి అన్ని రూటర్ల గడియారాలూ ఎన్‌టీపీతో (గడియారాల్ని సరిచేసే ప్రోటోకాల్) కలిసి ఉండాలి.

ఇంకొక్క మాట. పెద్ద హబ్‌ల మీద దాడి అనే మోడల్‌ని ఇంటర్నెట్ రూటర్లకి నేరుగా తగిలించొద్దు. డోయల్, ఆయన సహచరులు 2005లో చెప్పింది సబబే: అసలు బ్యాక్‌బోన్‌లో నడిమధ్య రూటర్లకి పోర్టులు తక్కువ, వేగం ఎక్కువ. ఎక్కువ డిగ్రీ ఉన్నవి అంచుల్లో, వినియోగదారుల్ని పోగుచేసే చోట ఉంటాయి. డిగ్రీ చూసి ముఖ్యం అనుకుంటే పొరపాటు.

---

ఎన్_మైనస్_వన్

పైవాటిలో రానిది ట్రాఫిక్. అతిపెద్ద ముక్కలో 100 శాతం రూటర్లు ఉండి కూడా సర్వీస్ చచ్చిపోవచ్చు. ఒక అగ్రిగేషన్ రూటర్‌కి రెండు 10 గిగాబిట్ అప్‌లింకులు, రద్దీ వేళలో ఒక్కోదాని మీద 6 గిగాబిట్లు ఉన్నాయనుకోండి. ఒకటి పోతే 12 గిగాబిట్లు 10లో దూరాలి. గ్రాఫ్ ప్రకారం కనెక్టివిటీ ఉంది, వాడేవాళ్లకి మాత్రం వాయిస్ తెగిపోతుంది. రెండు లింకులుంటే ఒక్కోటి 50 శాతం లోపు, మూడుంటే 66 లోపు ఉండాలన్నది లెక్క. ఈసీఎంపీలో (సమాన ఖర్చున్న దారుల మధ్య ట్రాఫిక్ పంచడం) ఫ్లోలు సమానంగా పంచుకోవు కాబట్టి రెండు లింకులకి 40, 45 దగ్గరే ఆగడం మంచిది. ఐదు నిమిషాల సగటు గ్రాఫ్ చూసి ఈ నిర్ణయం తీసుకోవద్దు. సగటు 45 ఉన్నచోట సెకన్ల స్థాయిలో 80 కూడా ఉంటుంది.

కాబట్టి కొలవాల్సింది ఇది: ప్రతి ఫెయిల్యూర్ సందర్భానికి, మొత్తం డిమాండ్‌లో ఎంత శాతం గమ్యం చేరింది? డిమాండ్ మాట్రిక్స్ (ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంత ట్రాఫిక్) నెట్‌ఫ్లో (రూటర్లు ఇచ్చే ట్రాఫిక్ రికార్డులు) నుంచి వస్తుంది. రద్దీ గంట తీసుకోండి. ప్రతి సందర్భంలో చిన్న దారులు మళ్లీ లెక్కించి, డిమాండ్‌ని వాటి మీద పరచి, సామర్థ్యం దాటిన లింకుల్ని గుర్తించండి.

దారులు మళ్లీ లెక్కించేటప్పుడు గ్రాఫ్‌లో ఉన్న దారి వేరు, రూటింగ్ ఒప్పుకునే దారి వేరు అని మరిచిపోకండి. మీ దగ్గరే చూడండి: ఒక అగ్రిగేషన్ రూటర్ రెండు కోర్ లింకులూ పోయాయి. రెండు అప్‌లింకులున్న యాక్సెస్ రూటర్ ఒకటి దానికీ పక్క అగ్రిగేషన్‌కీ కలిసి ఉంది. గ్రాఫ్ ఆ దారి ఉందంటుంది. ఓఎస్‌పీఎఫ్ ఏరియాలు విడదీసి ఉంటే ఆ దారి వాడకపోవచ్చు. అన్నీ ఒకే ఏరియాలో ఉంటే వాడుతుంది, అప్పుడు ఒక అగ్రిగేషన్ మొత్తం ట్రాఫిక్ 1 గిగాబిట్ యాక్సెస్ లింక్ గుండా పోయి, అప్పటివరకు బాగున్న సైట్‌ని కూడా ముంచుతుంది. దీన్ని కనిపెట్టడానికి కాన్ఫిగ్ ఫైళ్లనే చదివి ఫార్వర్డింగ్ లెక్కించే బ్యాట్‌ఫిష్ లాంటి ఉపకరణం వాడండి. గీసిన బొమ్మ కన్నా కాన్ఫిగ్ ఫైలే నిజం చెబుతుంది.

ఇప్పుడు పరికరాల మీద పరీక్ష. పరీక్షకి ముందు కొలిచే సాధనం సరిచూసుకోండి. సెకనుకి ఒక పింగ్‌తో 800 మిల్లీసెకన్ల అంతరాయం కనపడకుండానే పోవచ్చు. సెకనుకి 1,000 ప్యాకెట్లు వరస నంబర్లతో పంపితే, పోయిన ప్యాకెట్ ఒక్కోటీ ఒక మిల్లీసెకను. 2,350 పోతే అంతరాయం 2.35 సెకన్లు. రెండు దిశల్నీ విడివిడిగా కొలవండి, చాలాసార్లు వెళ్లే దారి త్వరగా కోలుకుంటుంది, వచ్చే దారి ఆలస్యం చేస్తుంది.

ఫెయిల్యూర్ ఎలా సృష్టిస్తారన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఇంటర్‌ఫేస్‌ని షట్‌డౌన్ చేయడం అతి మర్యాదైన ఫెయిల్యూర్. రెండు వైపులా వెంటనే తెలిసిపోతుంది, ప్రోటోకాల్ సెకను లోపు మళ్లిపోతుంది. నిజంగా జరిగేవి ఇంత మర్యాదగా ఉండవు:

ఫైబర్‌లో ఒక పోగు మాత్రమే తెగడం. ఒక దిశ బతికే ఉంటుంది. యూడీఎల్‌డీ లేదా బీఎఫ్‌డీ (లింక్ నిజంగా బతికుందో చూసే ప్రోటోకాళ్లు) లేకపోతే ఒక వైపు రూటర్ అంతా బాగుందనుకుని పంపుతూనే ఉంటుంది.

మధ్యలో ప్రొవైడర్ స్విచ్ ఉండటం. అవతల తెగినా మీ పోర్ట్ అప్‌లోనే ఉంటుంది. అప్పుడు మీకు మిగిలేది ప్రోటోకాల్ టైమరే. ఓఎస్‌పీఎఫ్‌కి మామూలు డెడ్ టైమర్ 40 సెకన్లు. బీజీపీ హోల్డ్ టైమర్ చాలా రూటర్లలో 90 లేదా 180 సెకన్లు. బీఎఫ్‌డీని 50 మిల్లీసెకన్లు, 3 సార్లు అని పెడితే 150 మిల్లీసెకన్లలో పట్టేస్తుంది.

లింక్ అప్‌లో ఉండి 2 శాతం ప్యాకెట్లు పోవడం. ఇది అన్నిటికన్నా చెడ్డది. మూడు వరసగా పోతేనే బీఎఫ్‌డీ పడుతుంది కాబట్టి 2 శాతం నష్టాన్ని అది త్వరగా పట్టదు, టీసీపీ వేగం మాత్రం కుప్పకూలుతుంది. లైనక్స్ బాక్స్‌ని మధ్యలో పెట్టి నెట్ఎమ్‌తో 2 శాతం నష్టం పెట్టి, మీ మానిటరింగ్‌కి ఎన్ని నిమిషాలకి తెలిసిందో రాసుకోండి.

రూటర్‌కి పవర్ లాగేయడం. రీలోడ్ కమాండ్ ఇవ్వడం దీనికి సమానం కాదు.

తిరిగి రావడాన్ని కూడా పరీక్షించాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. రూటర్ పైకి లేచిన కొద్ది సెకన్లలో ఓఎస్‌పీఎఫ్ సిద్ధమవుతుంది, బీజీపీ పూర్తి పట్టిక రావడానికి నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో పక్క రూటర్లు ట్రాఫిక్ పంపేస్తాయి, దీనికి దారి తెలియక పారేస్తుంది. ఫెయిల్యూర్ అప్పుడు 2 సెకన్లు పోయి, రికవరీ అప్పుడు 3 నిమిషాలు పోవడం ఇందుకే. బీజీపీ వచ్చేదాకా ఓఎస్‌పీఎఫ్‌లో మ్యాక్స్ మెట్రిక్ (తన గుండా పోయే దారికి అత్యధిక ఖర్చు) ప్రకటించేలా పెడితే ఇది తగ్గుతుంది.

మీ రెండు రూట్ రిఫ్లెక్టర్లు ఒకే ర్యాక్‌లో ఉన్నాయేమో చూడండి. ఉంటే అన్ని లింకులూ పచ్చగా వెలుగుతుండగానే, హోల్డ్ టైమర్ అయిపోగానే బీజీపీ రూట్లన్నీ మాయమవుతాయి.

---

బ్యాక్‌బోన్_బాట

రిఫ్లెక్టర్లు ఉన్నవి వేరు ర్యాకులే, కానీ ఒకే గది, ఒకే యూపీఎస్. వాటిని ఒక గ్రూపుగా రాసుకున్నాను. దాడి వైపు ఇంకొంచెం వివరం కావాలి. రూటర్లని వరసగా తీసేయడమే దాడి అన్నది సరిగా అనిపించడం లేదు, ఎవరూ భౌతికంగా వచ్చి తీయరు కదా. అలాగే రిపోర్టులో చివరికి ఏ అంకె పెట్టాలి?

---

ప్యాకెట్_లెక్క

మీ అనుమానం సరైనదే. నోడ్ తీసేసే మోడల్ అత్యంత చెడ్డ సందర్భం ఎంత చెడ్డదో చెబుతుంది, దాడి ఎలా వస్తుందో చెప్పదు. దాడిని మూడు చోట్ల కొలవండి.

మొదటిది సామర్థ్యం నింపేయడం. ఇక్కడ గిగాబిట్లతో పాటు సెకనుకి ఎన్ని ప్యాకెట్లు అన్నది లెక్కించాలి. 10 గిగాబిట్ ఈథర్‌నెట్ మీద 64 బైట్ల ఫ్రేములు సెకనుకి 1.488 కోట్లు పడతాయి. 1,500 బైట్ల ప్యాకెట్లతో 10 గిగాబిట్లు నడిపి చూపించిన పరికరం చిన్న ప్యాకెట్లతో అందులో పదో వంతుకే చేతులెత్తేయొచ్చు. మీ ఫైర్‌వాల్ జతకి ఇంకో పరిమితి ఉంది, సెషన్ టేబుల్. టేబుల్ 20 లక్షల ఎంట్రీలు, సగం తెరిచిన కనెక్షన్‌కి టైమవుట్ 30 సెకన్లు అనుకుందాం. సెకనుకి లక్ష సిన్ ప్యాకెట్లు (కనెక్షన్ మొదలుపెట్టేవి) వస్తే 20 సెకన్లలో టేబుల్ నిండిపోతుంది. లక్ష చిన్న ప్యాకెట్లు 10 గిగాబిట్ లింక్ సామర్థ్యంలో ఒక శాతం కూడా కాదు, కాబట్టి బ్యాండ్‌విడ్త్ గ్రాఫ్‌లో ఈ దాడి కనపడదు. పైగా జతలో రెండో ఫైర్‌వాల్‌కి సెషన్లు సింక్ అవుతాయి కాబట్టి అదీ అదే క్షణంలో నిండుతుంది. ఈ దాడికి ఆ జత లెక్కలో ఒక్క పరికరమే. సిన్ కుకీలు (టేబుల్‌లో చోటు తీసుకోకుండానే సిన్‌కి జవాబిచ్చే పద్ధతి) ఆన్ చేయడం, టైమవుట్ 5 సెకన్లకి తగ్గించడం, ఒక్కో సోర్స్‌కి పరిమితి పెట్టడం, ఈ మూడూ చేశాక మళ్లీ కొలవండి. సోర్స్ అడ్రసులు నకిలీవైతే మూడోది పెద్దగా పనిచేయదు.

రెండోది కంట్రోల్ ప్లేన్, అంటే రూటర్‌లో రూటింగ్‌ని నడిపే భాగం. రూటర్ సొంత సీపీయూకి వచ్చే ప్యాకెట్లకి పోలీసింగ్ (వేగ పరిమితి) ఉందా? బీజీపీ, ఓఎస్‌పీఎఫ్, బీఎఫ్‌డీ, ఎస్‌ఎస్‌హెచ్, ఐసీఎంపీ వేరువేరు క్యూల్లో ఉన్నాయా? లింక్ నిండినప్పుడు కీప్‌అలైవ్ ప్యాకెట్లకి (సెషన్ బతికే ఉందని చెప్పేవి) ప్రాధాన్యం ఉందా? ఇది లేకపోతేనే ఐపీ నెట్‌వర్క్‌లో గొలుసుకట్టు పతనం మొదలవుతుంది. కరెంటు గ్రిడ్‌లో ఒక లైను పోతే భారం పక్క లైన్ల మీద పడి అవీ ట్రిప్ అవుతాయి. ఆ మోడల్‌ని, అంటే సామర్థ్యం మొదటి లోడ్ కంటే కొంత శాతం ఎక్కువ అని పెట్టి దాటగానే నోడ్ తీసేయడాన్ని, నెట్‌వర్కులకి గుడ్డిగా వాడతారు. రూటర్ లింక్ నిండితే చచ్చిపోదు, ప్యాకెట్లు పారేస్తుంది, టీసీపీ తగ్గుతుంది. కానీ పారేసిన వాటిలో కీప్‌అలైవ్‌లు ఉంటే సెషన్ పడుతుంది, ట్రాఫిక్ పక్కకి మళ్లి దాన్ని నింపుతుంది, ఈలోగా మొదటి లింక్ ఖాళీ అయి సెషన్ మళ్లీ లేస్తుంది. ఇలా ఊగుతూనే ఉంటుంది. ల్యాబ్‌లో లింక్‌ని 120 శాతం నింపి, రూటింగ్ సెషన్లు 10 నిమిషాలు నిలబడ్డాయా అని చూడండి. ఈ ఒక్క పరీక్ష చాలా చెబుతుంది.

మూడోది రూటింగ్, పేర్ల మీద దాడి. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికామ్ నుంచి యూట్యూబ్ అడ్రసుల్లో ఒక /24 (256 అడ్రసుల ముక్క) బయటికి ప్రకటన అయింది. యూట్యూబ్ సొంత ప్రకటన /22 (1,024 అడ్రసులు). ఎక్కువ నిర్దిష్టమైనదే గెలుస్తుంది కాబట్టి ప్రపంచంలో చాలాచోట్ల ట్రాఫిక్ అటు మళ్లింది. ఒక్క లింక్ తెగలేదు, ఒక్క రూటర్ పోలేదు, ఏ గ్రాఫ్ కొలతలోనూ ఇది కనిపించదు. మీ ప్రిఫిక్సులన్నిటికీ (అడ్రసు ముక్కలు) ఆర్‌పీకేఐలో (అడ్రసుల యాజమాన్యాన్ని సంతకంతో ధ్రువీకరించే వ్యవస్థ) ఆర్‌ఓఏలు (ఏ నెట్‌వర్క్ ఏ ప్రిఫిక్స్ ప్రకటించొచ్చో చెప్పే పత్రాలు) ఉన్నాయా, మ్యాక్స్ లెంగ్త్ (వాటిలో అనుమతించే గరిష్ఠ పొడవు) మీరు నిజంగా ప్రకటించే పొడవుకే ఉందా చూడండి. /22 మాత్రమే ప్రకటిస్తూ మ్యాక్స్ లెంగ్త్ 24 పెడితే, మీ ఏఎస్ నంబర్‌ని (మీ నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య) చివర తగిలించి /24 ప్రకటించేవాడికి తలుపు తెరిచినట్టే. డీఎన్‌ఎస్ (పేర్లని అడ్రసులుగా మార్చేది) కూడా ఇక్కడే చూసుకోండి. 2016 అక్టోబరు 21న మిరాయ్ బాట్‌నెట్ డిన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద పడినప్పుడు, తమ సర్వర్లు నిక్షేపంగా ఉన్న పెద్ద సైట్లు కూడా పేరు తెలియక అందకుండా పోయాయి.

దీనికి తోడు మేనేజ్‌మెంట్ దారి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ఆగింది. నిర్వహణలో ఇచ్చిన ఒక కమాండ్ బ్యాక్‌బోన్‌ని కూల్చింది, డేటా సెంటర్లు అందడం లేదని డీఎన్‌ఎస్ సర్వర్లు తమ బీజీపీ ప్రకటనల్ని వెనక్కి తీసుకున్నాయి, బాగుచేయాల్సిన సాధనాలూ అదే నెట్‌వర్క్ మీద ఉండటంతో ఇంజినీర్లు లోపలికి వెళ్లడమే కష్టమైంది. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ టెలికాం కంపెనీ ఆగినప్పుడూ అంతే, ఒక ఫిల్టర్ తీసేయడంతో కోర్ రూటర్లు రూట్లతో మునిగిపోయాయి, మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ ఆ కోర్ మీదే ఆధారపడి ఉంది. మీ దగ్గర పరీక్ష ఇలా: కోర్ 4 రూటర్లూ పోయాయనుకుని, బయట నుంచి ఒక్కో దాని కన్సోల్‌కి చేరగలరా? కన్సోల్ సర్వర్ లింక్ మూడో ప్రొవైడర్‌దా? లాగిన్‌కి వాడే టాకాక్స్ సర్వర్ అందకపోతే లోకల్ అకౌంట్ పనిచేస్తుందా? దాని పాస్‌వర్డ్ ఉన్న చోటు అదే నెట్‌వర్క్ మీద ఉందా?

దాడి పరీక్షలు ముందు ల్యాబ్‌లో, తర్వాత సొంత పరికరాల మీద, రాతపూర్వక అనుమతితో మాత్రమే. ప్రొవైడర్ లింక్ గుండా వరద పంపేట్టయితే వాళ్లకి ముందే చెప్పి, ఆపే షరతు రాసుకోవాలి: ఏ అంకె దాటితే ఆపాలి, ఎవరు ఆపాలి.

---

గ్రాఫ్_గీత

రిపోర్టులో ఒక్క అంకె పెట్టకండి, ఒక పట్టిక పెట్టండి. వరసల్లో సందర్భాలు: ఒక్కో లింక్, ఒక్కో రూటర్, ఒక్కో షేర్డ్ రిస్క్ గ్రూపు, జతలు, దాడులు. నిలువు గళ్లలో పోయిన డిమాండ్ శాతం, కోలుకోవడానికి పట్టిన సమయం, ఆ రెండూ కలిపిన నష్టం. 40 శాతం డిమాండ్ 30 నిమిషాలు పోతే 12 పూర్తి నిమిషాల నష్టం అని రాయొచ్చు. మెల్లగా కోలుకుంటే, అందిన డిమాండ్ రేఖ పైన ఉన్న వైశాల్యం తీసుకోండి. ప్రతి వరసకీ అది లెక్కించినదా, పరీక్షించినదా అని ఒక గడి తప్పకుండా ఉండాలి. నష్టం ప్రకారం పేర్చి, పై 10 వరసలే మొదటి పేజీలో పెట్టండి. సగటు వద్దు. 1,326 జతల సగటులో ఘోరమైన 5 కనిపించకుండా పోతాయి.

కొత్త లింక్ ఎక్కడ వేయాలన్నది కూడా ఇదే పట్టికతో తేలుతుంది. 630 జతల్లో 52కి లింకులు ఉన్నాయి, మిగిలినవి 578. ఒక్కోటి వేసి చూసి, పై 10 వరసల నష్టం ఎంత తగ్గిందో కొలిస్తే చాలు. అందులో భౌతికంగా సాధ్యం కానివే ఎక్కువ, డక్ట్_మ్యాప్ గారు చెప్పిన గ్రూపుల్ని ముందే తగిలిస్తే జాబితా చాలా చిన్నదవుతుంది.

---

డక్ట్_మ్యాప్

ఆ పట్టికకి తేదీ గడి కూడా కలపండి. దారి మార్పు నోటీసు వచ్చినా, సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారినా, ట్రాఫిక్ పావు వంతు పెరిగినా సంబంధించిన వరసల్ని 'పరీక్షించినది' నుంచి 'లెక్కించినది'కి వెనక్కి దించండి. రిఫ్లెక్టర్ల విషయంలో ఇంకో గది దొరికేదాకా ఆగక్కర్లేదు. కోర్ రూటర్లలో దూరంగా ఉన్న ఒకదాని పక్కన మామూలు సర్వర్ మీద మూడో రిఫ్లెక్టర్ పెట్టొచ్చు, అది ట్రాఫిక్ మోయదు కాబట్టి పెద్ద పరికరం అవసరం లేదు. మూడోది వేరే తయారీదారు సాఫ్ట్‌వేర్ అయితే వెర్షన్ గ్రూపు కూడా విడిపోతుంది. క్లస్టర్ ఐడీ (రిఫ్లెక్టర్ల గుంపుకి ఇచ్చే గుర్తు) మొదటి రెండింటితో కలపాలా వద్దా అన్నది చూసుకోండి: ఒకటే పెడితే ఒకదాని నుంచి ఒకటి రూట్లు తీసుకోవు, అప్పుడు ప్రతి క్లయింట్ (రిఫ్లెక్టర్ నుంచి రూట్లు తీసుకునే రూటర్) మూడింటితోనూ సెషన్ పెట్టుకోవాలి.